బాణం గుర్తుకు ఓటీపీ

మా అన్నయ్య కూతురు విశాఖ ద్వారకానగర్‌లో వెబ్ డిజైన్ నేర్చుకుంటోంది. ప్రాజెక్టు పేజీలో మౌసు బాణం తనకు నచ్చినట్లు కనిపించాలట. ఆ బాణం, అంటే కర్సరు, దాచిన సీయూఆర్ ఫైలును పీఎన్‌జీ అనే మామూలు బొమ్మ ఫైలుగా మార్చి తెమ్మని మాస్టారు ఆజ్ఞాపించి, అందుకొక వెబ్‌సైటును కూడా సూచించారు. ఇంతటి బృహత్కార్యం నా నెత్తిన పడింది.

ఆ బాణం అడ్డం 32, నిలువు 32 చుక్కలు (పిక్సెళ్లు). ఫైలు మొత్తం 4,286 బైట్లు. లోపలి అమరిక దాదాపు ఐకాన్ ఫైలుదే. రకం చెప్పే అంకె ఐకానుకు 1 అయితే కర్సరుకు 2. దానికి తోడు బాణం మొన ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు ఉంటాయి. బొమ్మ రంగులతో సహా సిద్ధంగా ఉంది, సంచీ, అదే ఫైలు రకం, మారిస్తే చాలు. 1996లో వచ్చిన పీఎన్‌జీలో ఒక్క చుక్కా చెడదు, బాణం చుట్టూ వెనకున్న పేజీ కనిపించే పారదర్శకత కూడా నిలుస్తుంది.

అయినా ఆ వెబ్‌సైటు నన్ను వరుసలో నిలబెట్టింది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లంతో కూర్చుని, రేవులోకి పిలుపు కోసం సముద్రంలో లంగరు వేసుకున్న ఓడలను ఒక కంట, ఫోనులో తిరుగుతున్న చక్రాన్ని మరో కంట కనిపెట్టుకున్నాను. వేల టన్నుల సరుకున్న ఓడ ఒకటి లంగరెత్తి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు సాగిపోయింది. నాలుగు కేబీల నా బాణానికి మాత్రం బెర్తు దొరకలేదు. చందాదారులైతే ముందు పిలుస్తారట. తరువాత ఈమెయిలు అడిగారు, ఫోను నంబరు అడిగారు, ఓటీపీ అడిగారు. పుట్టుమచ్చలు ఎందుకు విడిచిపెట్టారో తెలియదు. పొట్లం ఖాళీ అయ్యాక వరప్రసాదం దక్కింది, అదీ జేపీజీగా. జేపీజీకి పారదర్శకత అనేదే లేదు కనుక, అమ్మాయి ముదురు నీలం పేజీ మీద బాణం తెల్లటి చతురస్రంలో గోడకంటించిన సంతాప పత్రంలా వెలిసింది.

ఆ సాయంత్రమే అప్పు కావాలా అంటూ మూడు ఫోన్లు వచ్చాయి. నా సంగతి సరే, తల నెరిసినవాణ్ణి, తిట్టి పెట్టేస్తాను. కానీ ఆ తరగతిలోని పిల్లలందరూ మాస్టారి మాట నమ్మి తల్లిదండ్రుల నంబర్లు అదే పెట్టెలో కొట్టారు. ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాధనం సొంత కంప్యూటరులోనే, నెట్ కూడా అక్కరలేకుండా, ఒక్క వరుస ఆదేశంతో ఈ పని చేసిపెడుతుంది. ఫీజు ముక్కుపిండి వసూలు చేసుకుని ఆ ఒక్క వరుస నేర్పలేని చదువు ఏం చదువు? పిల్లల చేత ఇంటి నంబర్లను దొంగల చేతికి ఇప్పించడానికి సిగ్గు లేదా?

అమ్మాయికి ఆ వరుస చెప్పాను. రెప్పపాటులో పీఎన్‌జీ వచ్చేసింది. "మొన ఎక్కడుందో దీనికి తెలియదు కదా బాబాయ్" అంటూ ఆ రెండు అంకెలనూ తనే పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో రాసుకుంది. నా పది అంకెలు ఎవరెవరు రాసుకున్నారో మాత్రం రోజూ భోజనాల వేళకు తెలిసివస్తోంది.