నురగ ఎక్కడ స్వామీ?

కారు కడిగే వీడియోల్లో బండి మీద నురగ మీగడలా నిలబడుతుంది. తిరుపతిలో మా ఇంటి ముందు మాత్రం పడీపడగానే జారి కాలవలోకి పోతుంది. షాపతన్ని అడిగితే ఒకటే మాట, "షాంపూ ఇంకొంచెం పోయండి సార్." పోస్తూనే ఉన్నాం కదయ్యా! డబ్బా ఖాళీ అవుతోంది గానీ నురగ చిక్కబడదే.

అసలు సంగతి అమ్మేటప్పుడు చెప్పరు. మా బోరుది ఉప్పు నీళ్లు, అందులోని కాల్షియం, మెగ్నీషియం నురగను నిలవనివ్వవు. పైగా ఇళ్లల్లో వాడే నీళ్లను ఒత్తిడితో చిమ్మే చిన్న కరెంటు వాషర్‌లో నీళ్లు తక్కువ వస్తాయి. దానికి తగిలించి సబ్బునీళ్లను నురగగా చిమ్మే ఫోమ్ క్యానన్‌లో నీళ్లు దూరే 1.25 మిల్లీమీటర్ల కన్నమున్న జెట్ కన్నా 1.1 జెట్ నయం, నురగ గట్టిపడుతుంది. ఆ చిన్న ముక్క కోసం ఊరంతా తిరిగితే "అది విడిగా రాదు సార్, మొత్తం సెట్టే కొనాలి" అంటారు. ఇదేం దోపిడీ!

ఆ క్యానన్ లోపల స్టీలు తీగల జాలీ ఉంటుంది. గాలి, సబ్బునీళ్లు కలిసి నురగయ్యేది అక్కడే. ఉప్పు పేరుకుంటే అదీ పూడిపోతుంది, వెనిగర్‌లో నానబెట్టి కడగాలి. ఇదీ చెప్పరు.

తిరుమల ఘాట్ రోడ్డు దిగొచ్చాక చక్రాల నిండా బ్రేకుల మసి. ఇక్కడేమో బిందె పట్టుకుని ఎదురింటి పిన్నిగారు: "ఏం నాయనా, బోరంతా కారుకేనా?"