సిల్క్ బోర్డ్ జంక్షన్ వారి సముఖమునకు

బెంగళూరు,
2025 అక్టోబరు.

వాహనాలు ఆగిపోవడానికి పేరుపడ్డ బెంగళూరు కూడలి, మహారాజశ్రీ సిల్క్ బోర్డ్ జంక్షన్ వారికి,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగవలసిన పని లేదు, నిన్న మధ్యాహ్నమంతా కళ్లారా చూస్తూనే ఉన్నాను. నా కుశలం మా మేనేజరు గారికి తెలుసు.

మీ ఊళ్లోనే ఉన్న బెళ్లందూరులో మూడు గంటలకు సమావేశమనీ, ఈ విషయం ఫోనులో తేలదనీ, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిందేననీ పట్టుబట్టి మా ఆఫీసు వారు నన్ను విజయవాడలో రాత్రి బస్సు ఎక్కించారు. జయనగర్ లాడ్జి నుంచి ఒంటిగంట దాటగానే బయలుదేరాను. రెండు చినుకులు పడ్డాయి. మూడు గంటలు కొట్టేసరికి నేను మీ సన్నిధిలో, ఒక నీళ్ల ట్యాంకరుకూ ఒక కాంక్రీటు లారీకీ నడుమ, క్యాబ్ వెనక సీట్లో కూర్చుని, ఫోనును మోకాలికి ఆనించి, ఏ సమావేశానికైతే ఫోను పనికిరాదన్నారో ఆ సమావేశానికే వీడియో కాల్‌లో హాజరయ్యాను. ఆరేడు కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో ఉన్న పెద్దమనుషులు నన్ను మ్యూట్‌లో ఉండమన్నారు, హారన్ల మోతకు వాళ్ల మాటలు వాళ్లకే వినిపించడం లేదట. ఈ పాటి భాగ్యం మా ఇంటి వరండాలో, లుంగీ మీదే దక్కేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

లాడ్జి వారు ఇడ్లీ సాంబారులో వేసిన బెల్లం సంగతి, విమానం దిగినవాడు దేవనహళ్లి నుంచి ఊళ్లోకి రావడానికి పడే పాట్ల సంగతి ఈ లేఖలో ఎత్తను. ఒక కప్పును ఇద్దరికి పంచే బై టూ కాఫీ బాగుంది. నా ఫిర్యాదు మీ మీదనే.

మీకు జరిగిన ఉపచారాలు తక్కువేమీ కావు. 2010లో మీ దగ్గర నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఎత్తైన రహదారి వేశారు. 2024 జులైలో రాగిగుడ్డ నుంచి మీ దాకా రెండంతస్తుల వంతెన, కింద కార్లూ పైన మెట్రో వెళ్లేలా కట్టి, ముందుగా కార్ల అంతస్తు తెరిచారు. నిన్న దాని మీదుగా నేను గాలిలో తేలినట్టే వచ్చాను. తేలి వచ్చి ఎక్కడ పడ్డానో మీకు తెలుసు. ఇదివరకు వీధివీధినా ఆగుతూ మీ దగ్గరకు చేరేవాళ్లను ఇప్పుడు ఆగకుండా తెచ్చి, అందరినీ ఒకేచోట ఆపుతున్నారు. 2025 ఆగస్టులో పసుపు మార్గం మెట్రో కూడా వచ్చింది. పందొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు మార్గానికి తొలి రోజుల్లో మూడే రైళ్లు, 25 నిమిషాలకొకటి. అదీ బొమ్మసంద్ర వైపు వెళ్తుంది, నేను వెళ్లవలసిన వైపు కాదు.

నేను వెళ్లవలసిన వైపు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2021 ఏప్రిల్‌లోనే ఆమోదం తెలిపింది. మీ దగ్గర మొదలై, కె.ఆర్. పురం మీదుగా, హెబ్బాళ దాటి, విమానాశ్రయం దాకా 58 కిలోమీటర్లు. నాలుగేళ్లు దాటాయి. రైలు రాలేదు గాని స్తంభాలు వచ్చాయి. వాటి చుట్టూ రేకుల బారికేడ్లు వచ్చి, ఉన్న రోడ్డులోనే వాటా తీసుకున్నాయి. నిన్న నా కిటికీకి మూరెడు దూరంలో అలాంటి రేకు ఒకటి, అడుగున తుప్పు పట్టి, మన అసౌకర్యానికి చింతిస్తున్నామన్న అక్షరాల మీద బురద చిమ్మి ఉంది. చాలాసేపు అదే చూశాను. అంతసేపూ నా కారు ఆ వాక్యం దాటి ముందుకు పోలేదు.

మీకు పేరిచ్చిన కార్యాలయం, 1948లో ఏర్పడిన కేంద్ర పట్టు మండలి, పక్కనే ఉంది. గూట్లో పురుగు కదలకుండా పడి ఉంటే కనీసం పట్టయినా వస్తుంది. మమ్మల్ని ఇలా చుట్టి పడేస్తే ఎవరికేం వస్తుందయ్యా?

అయినా నీకు సిగ్గుండాలి. తెలుగువాళ్లు నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నారో నీకు తెలియనిదా? సంక్రాంతికి ఊరెళ్లే పిల్లలు బోర్డింగ్ పాయింట్ అని నీ పేరో, ఆ పక్కన మడివాళ పేరో చూసుకుని, సాయంత్రమే వచ్చి సూట్‌కేసుల మీద కూర్చుంటారు. బస్సు ఐదు నిమిషాల్లో వస్తుందని డ్రైవరు గంటసేపు చెబుతాడు. తీరా ఎక్కాక సగం సినిమా అయిపోయినా బస్సు ఊరు దాటదు. ఆ పిల్లల్ని పండగ పూటైనా వదలవేం? నీకు వంతెన మీద వంతెన ఎందుకు, ముందు దారి వదలడం నేర్చుకో!

ఆవేశపడ్డాను, మన్నించండి. సమావేశం ముగిశాక మా డ్రైవరు, కోలారు తెలుగాయన, ‘మీటింగ్ అయిపాయె గదా, ఎనక్కి పోదామా సార్?’ అన్నాడు. సరేనన్నాను. వెనక్కి తిరగాలన్నా యూటర్న్ దాకా ముందుకే పోవాలట.

మా ఆఫీసు వారు వచ్చే నెల మళ్లీ రమ్మంటున్నారు. ఈసారి సమావేశం మీ వంతెన కిందే పెట్టమని, బెళ్లందూరు వారిని కూడా మూడు గంటలకు అక్కడికే బయలుదేరమని జవాబు రాశాను. ఎదురెదురుగా కాకపోయినా పక్కపక్క వరుసల్లోనైనా దొరుకుతాం.

ఇట్లు,
బెళ్లందూరు ఇంకా చూడనివాడు