కీల లెక్క కాదు, కీల బరువు చూడండి
పిల్లలకు మొదటి పియానో కొనడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలు పియానో కొనసాగిస్తారో లేదో తేలేదాకా ఏ చిన్న కీబోర్డైనా చాలు అన్నారు అందులో. అది సగమే నిజం. మొదటి కొన్ని నెలల పాఠాలకు 61 కీలు సరిపోతాయి, కాదనను. చిక్కంతా బరువు దగ్గరే. స్ప్రింగుతో నడిచే తేలిక కీలకు అలవాటు పడ్డ వేళ్లు టీచర్ దగ్గరున్న అసలు పియానో మీద పెడితే కొన్ని స్వరాలు పలకనే పలకవు. దాంతో పిల్లలు భుజాలు బిగించి కీల మీద మోదడం మొదలుపెడతారు. తర్వాత అది మాన్పించడం కొత్త పాఠం నేర్పడం కన్నా కష్టం. డిజిటల్ పియానో కొన్నా 88 కీలు, హ్యామర్ యాక్షన్ (అసలు పియానోలోలా చిన్న సుత్తులతో కీలకు బరువు తెచ్చే ఏర్పాటు) ఉన్నదే చూడండి. అది కుదరకపోతే కనీసం టచ్ సెన్సిటివిటీ ఉండాలి: ఒకే కీని ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా నొక్కండి, శబ్దంలో తేడా లేకపోతే అక్కడే వదిలేయండి. పాత అకౌస్టిక్ పియానో (కరెంటు లేకుండా తీగలతో మోగేది) చవగ్గా దొరికిందని, శ్రుతి చేసే ట్యూనర్‌కి చూపించకుండా ఇంటికి తేవద్దు. తీగలను బిగించి పట్టే ట్యూనింగ్ పిన్నులు వదులైతే శ్రుతి చేసిన కొద్దిరోజులకే జారిపోతుంది, ఆ రిపేరు పియానో ధరను మించినా మించుతుంది. ఇక కూర్చునే ఎత్తు సంగతి వ్యాసంలో అసలు లేదు! మోచేతులు కీలకు సమంగా రావాలి, కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేయాలి. పాదాలు వేలాడుతుంటే నడుం నిలవదు, ఆ బరువంతా చేతుల మీదే పడుతుంది.