లేని ఎడ్లకి వడదెబ్బ

మా ఇంట్లో ఎద్దులు లేవు. ఆఖరి జత 1998 తొలకరికి ముందే అమ్మేశాం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. 2025 ఏప్రిల్ 17న పొద్దున్నే మా వాకిట్లో చేరిన పాతికమందికీ ఇదే ముక్క పాతికసార్లు చెప్పాను, ఒక్కరూ వినిపించుకోలేదు. మీరైనా వింటారని.

మాది అంబాజీపేట పక్కన పల్లె. కొబ్బరికాయల వ్యాపారం. ఎద్దులు పోయినా పాక మాత్రం ఉంది. దాంట్లో ఇప్పుడు ఒక పక్క కాయల రాశి, ఒక పక్క స్కూటరు, మధ్యలో నేను. మొత్తం మా దొడ్డికంతా ఫోను సిగ్నలు అందేది ఆ పాకలోనే, అదీ గడ్డి వేసే గాడి పక్కనే. అందుకని తెల్లవారుజామున చికాగో బుల్స్ అనే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు ఆట చూడాలంటే దుప్పటి కప్పుకుని, కాయల రాశి మీద కూర్చుని, ఫోను గాడిలో పెట్టుకుని చూస్తాను. మా ఆవిడ ఆ దృశ్యం మొదటిసారి చూసినప్పుడు ఏమీ అనలేదు. ఓ క్షణం నిలబడి, లోపలికెళ్ళి, వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

కొబ్బరికాయల వాడికి బాస్కెట్‌బాల్ ఏమిటని మీరు అడిగే లోపు నేనే చెప్తాను. 1996లో కాకినాడలో చదివేటప్పుడు మా గది యజమాని ఇంట్లో కేబుల్ ఉండేది. అందులో ఓ పొద్దున్న మైకేల్ జోర్డాన్ కనిపించాడు. ఆ మనిషి గాల్లోకి లేస్తే, మనం వెళ్ళి టీ తాగి రావచ్చు, వచ్చేసరికి ఇంకా గాల్లోనే ఉండేవాడు. ఆ ఏడు ఆయన జట్టు బుల్స్ వాళ్ళు 82 ఆటలు ఆడి 72 గెలిచారు. 1991, 92, 93లో మూడు కప్పులు, మళ్ళీ 96, 97, 98లో మూడు. ఇక నేనాగుతానా! ఎర్ర టోపీ, దాని మీద కోపంగా చూసే ఎద్దు తల, బజార్లో కొనేసి, దాంతోనే ఊళ్ళో దిగాను. మా నాన్నగారు చూసి, "ఏ ఎరువుల కంపెనీవాళ్ళు ఇచ్చార్రా?" అన్నారు.

1998 జూన్ 14న జోర్డాన్ వేసిన ఆఖరి బుట్టతో ఆరో కప్పు వచ్చింది. ఆ తరవాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. కోచ్ ఫిల్ జాక్సన్‌కి ఆ సీజను మొదలవకముందే ఇదే నీకు ఆఖరని చెప్పేశారు. ఆయన వెళ్ళాడు. జోర్డాన్ వెళ్ళాడు, అతని పక్కన ఆడిన పిపెన్ వెళ్ళాడు, రాడ్‌మన్ వెళ్ళాడు. మా నాన్నగారు కూడా ఆ ఏడే ఎద్దుల జత అమ్మారనుకోండి, కాని మావి ముసలివయ్యాయి, కాడి కిందే కునుకు తీసేవి. కప్పు మోసుకొచ్చిన గిత్తల్ని, వాటి మెడలో దండ వాడకముందే, సంతకి తోలేసిన రైతుని ఎక్కడైనా చూశారా? మరుసటి సీజను కుదించి 50 ఆటలే పెట్టారు, అందులో 13 గెలిచారు. 2000-01లో 82కి 15. అప్పట్నించీ టోపీ పెట్టెలోనే ఉంది, నాఫ్తలీన్ ఉండల మధ్య.

ఈ జబ్బు నేనొక్కణ్ణే పడితే పోయేది. పెళ్ళయ్యాక మా బావమరిదికీ అంటించాను. వాడు చదువుకుని, ఉద్యోగం వెతుక్కుని, సరిగ్గా చికాగోలోనే తేలాడు, 2011లో. ఆ ఊళ్ళోనే పుట్టిన కుర్రాడు డెరిక్ రోజ్ ఆ ఏడు లీగులో అత్యుత్తమ ఆటగాడు, అంత చిన్న వయసులో ఆ బిరుదు అంతకుముందు ఎవరికీ రాలేదు. 62 ఆటలు గెలిపించాడు. మంచిరోజులు వచ్చాయిరా అనుకున్నాం. మరుసటి ఏప్రిల్ 28న, ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం ఆడే చివరి పోటీల్లో, మొదటి ఆటలో, గెలుపు చేతిలో ఉండగా, ఇంకో నిమిషంన్నర కూడా లేదనగా, ఆ కుర్రాడి మోకాలు పోయింది. అప్పట్నించి మా ఇంట్లో ఓ రహస్య అభిప్రాయం ఉంది. మా బావమరిది అక్కడ కాలు పెట్టిన వేళ మంచిది కాదని. మా ఆవిడ దగ్గర అనలేదు. అనను కూడా.

ఇక 2023 నుంచి 2025 దాకా మూడేళ్ళ సంగతి. ప్లేఆఫ్స్‌కి సరాసరి వెళ్ళే సత్తా లేని జట్లకి ప్లే-ఇన్ అని ఓ సందు తలుపు పెట్టారు. ఆ మూడేళ్ళూ మావాళ్ళు ఏప్రిల్లో ఆ సందు తలుపు దగ్గర చెప్పులు విప్పుకుని నిలబడ్డారు. మూడేళ్ళూ మయామీ హీట్ అనే జట్టు వచ్చి ఆ తలుపు మొహాన వేసింది. 2023లో టొరంటో మీద గెలిచారు, అదీ మా ఆటగాడు డిరోజన్ కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, ప్రేక్షకుల్లో కూర్చుని కెవ్వుమని అరవబట్టి. ఆ అరుపుకి టొరంటో వాళ్ళు, ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసే ఫ్రీత్రోలు 36 వేసి 18 పోగొట్టుకున్నారు. తరవాతి ఆట మయామీలో. ఆ పిల్లని తీసుకెళ్ళలేదు. ఎందుకూ? బడి ఉందిట! వంద మంది నిపుణుల్ని జీతాలిచ్చి మేపుతారే, పిల్ల బడికి రెండు రోజులు సెలవుచీటీ రాసేవాడు లేకపోయాడా! ఆ ఆట చివరి మూడు నాలుగు నిమిషాల్లో చేజారింది. 2024లోనూ మయామీయే. 2025లో ఆట మా ఊళ్ళోనే పెట్టారు, అంటే చికాగోలో. ఈసారి తప్పదు గెలుపు అని బావమరిదీ నేనూ ఒట్లు వేసుకున్నాం.

వాళ్ళకి ఏప్రిల్ 16 రాత్రి, మనకి 17 తెల్లవారుజాము. సగం ఆటకే 24 పాయింట్లు వెనక. మొత్తానికి 109-90. ఏడు దాటుతుండగా బావమరిదికి ఫోన్ కొట్టాను. పాకలోంచి. నా గొంతు కాస్త పెద్దది, దుఃఖంలో ఇంకా పెద్దదవుతుంది.

"పోయాయిరా! బుల్స్ మళ్ళీ హీట్ దెబ్బకే పోయాయి!"

"ఊరుకో బావా. నేను సగంలోనే కట్టేశా. ఆ ఘోరం చూడలేకపోయా."

"మూడో ఏడురా వరసగా! ఏప్రిల్ వచ్చిందంటే చాలు, హీట్ తగలడం, బుల్స్ పడిపోవడం. ఈసారి సొంత చోట్లో, అందరూ చూస్తుండగా, కాళ్ళు బారజాపేశాయి!"

దడికి అవతల పక్కింటి పిన్నిగారు కళ్ళాపి చల్లుతున్నారు. పక్కనే ఆవిడ మనవడు, రెండో క్లాసు, ఇంగ్లీషు మీడియం.

"బుల్స్ అంటే ఏంట్రా కన్నా?"

"ఎడ్లు నానమ్మా."

"హీటూ?"

"ఎండ. వేడి."

పిల్లాడు చెప్పినదాంట్లో తప్పేం లేదు. వాళ్ళ టీచరు వింటే పదికి పది వేసేది.

పావుగంటలో పాలవాడు వచ్చాడు, తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని. "ఎండలు మరీ మండిపోతన్నాయండి ఆయ్. మనుషులే ఆగటం లేదు, నోరులేని జీవాలేం ఆగుతాయి" అన్నాడు. నేను నిద్రలేని మనిషిని, ఏదో ఓదార్పు కాబోలనుకుని తల ఊపాను. వెనకాలే దాళ్వా కోతకి వెళ్తున్న నలుగురు ఆగారు. ఒకావిడ చెంబుతో మజ్జిగ తెచ్చింది, ఇంకా కొనవూపిరితో ఏదైనా ఉంటే పోద్దామని. ఇంతలో కర్ర పొడుచుకుంటూ మా పెదనాన్న వచ్చారు. ఎనభై దాటిన మనిషి, ఆరోజుల్లో ఎడ్ల పందాల్లో పేరు మోసినాయన.

"ఎన్ని పోయాయిరా అబ్బాయ్?"

ముప్ఫయ్యేళ్ళలో మా వంశంలో ఒక్కరూ నన్ను ఇది అడగలేదు. గొంతు పూడుకుపోయింది. "43 పెదనాన్నా."

వాకిలంతా హా అంది.

"దక్కినవి?"

"39."

"కిందటేడాదో?"

"అచ్చంగా ఇంతే. 43 పోయాయి, 39 దక్కాయి. అంతకుముందేడు 42 పోయాయి."

పెదనాన్న అరుగు మీద కూలబడ్డారు. "మూడేళ్ళలో నూటపాతిక పైన! ఒక్కనాడైనా చెప్పావురా?"

అప్పటికి ఎవరో కబురు పెట్టారు, పశువుల ఆసుపత్రి కంపౌండరు గారు సంచీతో దిగారు. ఆయన వస్తూనే ఇన్సూరెన్సు మాట ఎత్తారు. "చెవికి పోగు ఉందాండి? పోగుంటేనే క్లెయిము."

"ఇప్పటివాళ్ళకి తెలీదండి. పాతరోజుల్లో రాడ్‌మన్‌కి ఉండేది. చెవికే కాదు, ముక్కుకీ ఉండేది. జుట్టుకి పూటకో రంగు."

"ఏరువాకకి మావోళ్ళూ కొమ్ములకి వేత్తారండి" అన్నాడు పాలవాడు.

"మేతలో తేడా ఏమైనా?" కంపౌండరు గారు.

"మేతకేం లోటండి! కోట్ల డాలర్లు పోసి మేపుతుంటే!"

డాలర్లు అన్న మాటతో కథ ఇంకో మలుపు తిరిగింది. ఎడ్లు ఇక్కడివి కావు, చికాగోవి అని ఒకరు, మరి అక్కడున్నది ఆ బావమరిదే కదా అని ఇంకొకరు. రెండు నిమిషాల్లో తేల్చేశారు: మా బావమరిది కంప్యూటరు ఉద్యోగం అని చెప్పుకుంటూ అమెరికాలో 82 ఎడ్లు కాస్తున్నాడు. పాలకొల్లులో మా అత్తగారికి ఫోన్ వెళ్ళింది. అక్కణ్ణించి తిరిగి మా ఆవిడకి వచ్చింది. ఆవిడ అట్లకాడతో బయటికొచ్చింది.

"మా తమ్ముడు పశువుల కాపరా?"

నేను ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. కాని విషయం తెలిసినవాడికి ఉండే రోగం నాకూ ఉంది. "అలాక్కాదోయ్. నిజానికి చికాగోలో పశువుల సంత చాలా పెద్దది, వందేళ్ళ పైన నడిచింది, 1971లో మూసేశారు. బుల్స్ అన్న పేరు దాన్నిబట్టే..." అన్నాను.

"సంత కూడా మూసేశారంట!" అని వెనకనించి ఒకావిడ బావురుమంది.

చివరికి పిన్నిగారి మనవడే ఒడ్డున పడేశాడు. నా ఫోను లాక్కుని, జట్టు గుర్తు తీసి అందరికీ చూపించాడు. కంపౌండరు గారు కళ్ళజోడు సవరించుకుని, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. "మొహమంతా ఎర్రబడింది. కొమ్ముల చివర్న నెత్తురు. ఎప్పట్నించి ఇలా ఉంది?"

"1966 నించండి. జట్టు పుట్టిన్నాటి నుంచీ ఈ బొమ్మ మార్చలేదు."

"జట్టా?"

అక్కడ తెలిసింది. మజ్జిగావిడ చెంబు వెనక్కి తీసుకుంది. కోతలవాళ్ళు నన్ను చూసిన చూపు, కాయల్లో కుళ్ళు కాయని చూసే చూపు. కంపౌండరు గారు వచ్చిపోయిన పెట్రోలు అడిగి తీసుకున్నారు. ఇంతలో సందులోకి పొక్లెయిన్ వచ్చింది, 43 ఎడ్లని పూడ్చాలంటే మనుషులతో అయ్యే పని కాదని ఎవరో పిలిచారట. ఆ డ్రైవరు కుర్రాడు మర్యాదస్తుడే. "గొయ్యి తీసినా తియ్యకపోయినా గంట కూలి ఇవ్వాలండి" అన్నాడు. ఇచ్చాను.

అందరూ వెళ్ళారు గానీ పెదనాన్న కదల్లేదు. "ఆట సంగతి సరే. ఆ 39 ఏంటి, 43 ఏంటి, ఏటా అదే లెక్క? చెప్పు" అన్నారు.

చెప్పాను. 43 ఓడిన ఆటలు, 39 గెలిచినవి. అక్కడ అట్టడుగున ఉన్న జట్లకే కొత్తగా వచ్చే కుర్రాళ్ళలో మేలైనవాణ్ణి ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ, చీటీలు తీస్తారు. 2008లో నూటికి రెండు వంతులు కూడా ఆశ లేని చోట చీటీ మాకు తగిలే రోజ్ వచ్చాడు. 

"అంటే ఓడినోడికి మంచి దూడ ఇస్తారన్నమాట."

"ఆఁ."

"మరి నిండుగా ఓడిపోవచ్చుగా?"

"అదీ చేతకాదు పెదనాన్నా. ఓడుతూ ఓడుతూ, మార్చి వచ్చేసరికి పౌరుషం వచ్చి ఓ పది గెలుస్తారు. దాంతో మంచి దూడ పోతుంది. ఏప్రిల్లో మయామీ వస్తుంది. దాంతో పరువు పోతుంది."

ఆయన చాలాసేపు కర్రతో నేల మీద గీతలు గీశారు. "నా దగ్గరుండేది ఒకటి అలాంటి గిత్త. పందెంలో కట్టాలంటే రెండడుగులు తక్కువ. అమ్మాలంటే రెండు వేళ్ళు ఎక్కువ. ఏటేటా ఈ ఏడు చూద్దాం, ఈ ఏడు చూద్దాం అని మేపా. తొమ్మిదేళ్ళు తింది." కాసేపాగి, "యజమాని ఏమంటాడు?"

"ఏమనడు. స్టేడియం నిండుతుంది. ఓడినా నిండుతుంది."

"ఎవరెళ్తున్నార్రా అంత మంది?"

మా బావమరిది పిల్లల్ని తీసుకుని ఏటా నాలుగైదుసార్లు వెళ్తాడని, టికెట్ డబ్బులు సగం నేనే వేస్తానని చెప్పలేదు. మా ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది, అట్లకాడతో.

రెండోరోజు పొద్దున్నే పాక ముందు ఓ కొత్త మనిషి నిలబడి ఉన్నాడు. తలపాగా, చేతిలో చెర్నాకోల. గోదావరి అవతలనించి వచ్చాట్ట, సంతలో చెప్పుకుంటుంటే విన్నాట్ట.

"ఎడ్లు పోయాయంట కదండీ, శానా బాధేసిందండి. మా జత ఉందండి, నాలుగు పళ్ళ గిత్తలు. తవరొకసారి చూడండి. ఎంత ఎండైనా ఆగుతాయండి, ఆయ్! వడదెబ్బన్న మాటే ఎరగవు."

నేను ఇంట్లోకి వెళ్ళి పెన్ను తెచ్చుకుని, వాటి రేటూ ఆయన ఫోన్ నంబరూ శుభ్రంగా రాసుకున్నాను. సాయంత్రం చికాగో పంపించాను.