మా అమ్మ నిలవడ్డ మూడున్నర గంటలు ఏ లెక్కల రాస్తరు?

నిన్న సోమవారం పొద్దుగాల 10 గంటలకు అమ్మను బ్యాంకుకు తోలుకపోయిన. దేవరకొండ దిక్కు మా ఊరు. పంట లోను రెన్యూవల్ చేయించాలె. ఒక సంతకం, ఒక వేలిముద్ర, గంతే పని. బయటికొచ్చేసరికి ఒకటిన్నర అయింది, పని కాలే. రాత్రి నల్గొండకొచ్చి ఫోన్ తీస్తే మా ఎంకామ్ బ్యాచ్ గ్రూపుల ఒకాయన పట్టిక పెట్టిండు. ప్రభుత్వ బ్యాంకులల్ల ఉద్యోగి తలకు ఎంత వ్యాపారం, ఎవరు ముందు, ఎవరు ఎనుక. అమ్మ ఖాతా ఉన్న బ్యాంకు పైవరుసల ఉన్నది. కింద అందరు చప్పట్ల బొమ్మలు పెట్టిండ్రు. నాకు రాత్రంతా నిద్ర పట్టలే.

ఆ అంకె ఎట్లొస్తదో తెల్వనోళ్లకు చెప్తున్న. డిపాజిట్లు, ఇచ్చిన అప్పులు కలిపి ఉద్యోగుల సంఖ్యతోని భాగిస్తరు. వ్యాపారం పెరిగితే అంకె పెరుగుతది, నిజమే. మనుషులను తగ్గించినా అదే అంకె పెరుగుతది. మా బ్రాంచిల ఒకప్పుడు నలుగురు కూసున్న కౌంటర్ల ఎనుక ఇప్పుడు ఒక్క పిల్ల ఉన్నది. క్యాష్ ఆమెనే, కేవైసీ ఫారాలు ఆమెనే, ఆధార్ లింకు ఆమెనే. పాస్‌బుక్ ప్రింటు మిషన్ మీద గుడ్డ కప్పి ఉన్నది, కాబట్టి ఎంట్రీలు గూడ ఆమెనే. నేనున్న మూడున్నర గంటలల్ల ఆ పిల్ల పక్కనున్న నీళ్ల సీసా మూత తియ్యంగ చూడలే. ఆ బిడ్డ మీద నాకు కోపం లేదు. ఆమె గొంతెండితే బ్యాంకుకు ర్యాంకొస్తున్నది చూడుండ్రి, దాని మీద కోపం.

మందిని తగ్గించి మరి పని ఎవల మీద వేసిండ్రు? చిన్న పైసలైతే బ్యాంకుల తియ్యనిస్తలేరు, బయట బ్యాంక్ మిత్ర దగ్గరికి పొమ్మంటున్నరు. మిత్ర అంటే బ్యాంకు తరఫున పైసలిచ్చే కిరాణం దుకాణపాయన. ఆయనకు జీతం లేదు, కమీషనే. ఆయన చేసిన పని బ్యాంకు ఖాతాల పడుతది, ఆయన మాత్రం ఉద్యోగుల లెక్కల ఉండడు. అమ్మ వెయ్యి రూపాయలు తీద్దామని ఆడికి పోయింది. పత్తి ఏరి ఏరి అమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయినయి, మిషన్ పట్టలే. కొంగుతోని తుడిచి పెట్టింది, పట్టలే. దుకాణపాయన ఇంత కొబ్బరినూనె ఇచ్చిండు. నాలుగోసారి బొటనవేలు వదిలి ఉంగరం వేలు పెడితే పట్టింది. పది రూపాయలు తీసుకుండు, ఆయనను గూడ తప్పనలేను.

ఇగ అసలు రెన్యూవల్ సంగతి. పాత అప్పు మొత్తం కడితేనే మళ్ల కొత్తగ ఇస్తరు. అమ్మ అప్పు లక్షా ఇరవై వేలు. పంట లోను మీద మిత్తి 7 శాతం, ఏడాది లోపల కడితే 3 శాతం కేంద్రం భరిస్తది, మనకు 4 పడుతది. దాటితే ఆ తగ్గింపు పోతది. ఏ రైతు దగ్గర జూన్ నెలల లక్షా ఇరవై వేలు ఇంట్ల ఉంటయి చెప్పుండ్రి. సేటు దగ్గర తెచ్చినం, రెండు రోజులకు పన్నెండు వందలు, ఆపైన రోజుకు మూడు వందలు. పైసలు కట్టించుకున్నంక చెప్తున్నరు, ఫీల్డ్ ఆఫీసర్ రెండు బ్రాంచీలకు ఒక్కడే, గురువారం వస్తడు, అప్పుడు మళ్ల శాంక్షన్ అని. బ్యాంకు పుస్తకంల ఏమైంది? పాత అప్పు వసూలైంది, మంచి రికవరీ. గురువారం కొత్త అప్పు ఇస్తే అది గూడ మంచి వ్యాపారం. ఆ వసూలు కోసం అమ్మ సేటుకు కట్టిన మిత్తి ఏ బ్యాంకు బ్యాలెన్స్ షీటుల కనవడదు. బ్యాంకు చెయ్యాల్సిన పని మన నెత్తి మీద వేసి, మనం చేసిందాన్ని వాళ్ల సామర్థ్యమని రాసుకుంటున్నరు. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

పాస్‌బుక్ చూస్తే ఇంకోటి బయటపడ్డది. 436 రూపాయలు జీవనజ్యోతి బీమా కింద కట్ అయినయి. మంచి పథకమే, రెండు లక్షల బీమా. కానీ అడిగి చేర్పియ్యాలె గదా? అమ్మకు ఆ పేరే తెల్వదు. రేపు ఏమన్నా జరిగితే మేము క్లెయిమ్ అయినా ఎట్ల అడుగుతుంటిమి?

ఎంకామ్‌ల మేము డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ చదివినం. 1978ల ముగ్గురు అమెరికా పెద్దమనుషులు చార్న్స్, కూపర్, రోడ్స్ కలిసి సామర్థ్యం కొలిచేటందుకు తెచ్చిన పద్ధతి. ఇంత సిబ్బందితోని, ఇంత ఖర్చుతోని ఎవరు ఎక్కువ ఫలితం తీసిండ్రో చూసి మిగిలినోళ్లను వాళ్లతోని పోలుస్తది. పద్ధతి మంచిదే. ఫలితమంటే ఏందో మాత్రం లెక్క కట్టేటాయన ముందే నిర్ణయించుకుంటడు. అప్పులు, పెట్టుబడులు, ఆదాయం అని రాసుకుంటే అయ్యే వస్తయి. హైదరాబాద్‌ల ఒక్క కంపెనీకి ఇచ్చే 100 కోట్లు, మా దిక్కు 10,000 మంది రైతులకు లక్ష చొప్పున ఇచ్చేదానికి సమానం. ఆడ ఒక్క ఫైలు, ఈడ పదివేల పట్టాదారు పాస్‌బుక్కులు. రెండింటిని ఒక్క తక్కెట్ల పెట్టి పల్లె బ్రాంచి దండగ అంటున్నరు. జన్‌ధన్ ఖాతాలల్ల ఎక్కువ భాగం మోస్తున్నయి ప్రభుత్వ బ్యాంకులే, ఆ బరువు చెప్పకుండ ప్రైవేటోళ్లతోని పోలుస్తరు. 1969 జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేసింది పల్లెకు, వ్యవసాయానికి అప్పు అందాలని. 2020ల విలీనాలయినంక ప్రభుత్వ బ్యాంకులు 12 మిగిలినయి. మా టౌన్ల ఎదురుబొదురు ఉన్న రెండు బ్రాంచీలు ఒక్కటైనయి, లైను రెండింతలైంది.

మొండి బాకీలు తగ్గినయని గూడ గ్రూపుల ఒకరు రాసిండ్రు. తగ్గినయి. ప్రభుత్వ బ్యాంకులు ఇచ్చిన అప్పులల్ల 2018 మార్చిల 14.58 శాతం ఉండె, 2025 మార్చికి 3 శాతం లోపలికొచ్చింది. ఆ 14 శాతంల ఎక్కువ భాగం మా పత్తి రైతులు చేసింది కాదు, పెద్ద పెద్ద కంపెనీలు ముంచింది. ఆ తగ్గుదలల పుస్తకాలల్లకెల్లి కొట్టేసిన బాకీలు గూడ ఉన్నయి.

ఈ ముచ్చట వచ్చిందంటే నాకు మా తమ్ముడే యాదికొస్తడు. ఇంజినీరింగ్ సీటొచ్చినప్పుడు మూడు లక్షల చదువు లోను అడిగినం. 4 లక్షల దాక తనఖా అవసరం లేదని అప్పటి బ్యాంకుల సంఘం నమూనా పథకంలనే ఉండె. మేనేజర్ భూమి కాయితాలు తెమ్మన్నడు. నేను ఆ రూలు ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టిన. చదవలే, పక్కకు నెట్టిండు. నాయిన ఎకరం అమ్మిండు, రోడ్డు పక్క ఎకరం. తమ్ముడు చదివిండు, నౌకరీ చేస్తున్నడు, ఆ లోను ఇస్తే ఒక్క కిస్తు తప్పకపోతుండె. ఇయ్యని అప్పు ఏ పట్టికల రాదు. బ్యాంకుకు మొండి బాకీ రాలే, మాకు ఎకరం పోయింది. నాయిన పోయేదాక బస్సుల ఆ రోడ్డు మీద పోతే కిటికీల నుంచి ఆ చెలకనే చూస్తుండె.

2024-25ల ప్రభుత్వ బ్యాంకులన్నీ కలిసి లక్షా 78 వేల కోట్ల లాభం తెచ్చినయి. అండ్లకెల్లి మా బ్రాంచికి ఇంకో మనిషిని ఇయ్యుండ్రి, ఆ ప్రింటు మిషన్ బాగు చేయించుండ్రి. టోకెన్ తీసిన టైము, పని అయిన టైము ప్రతి బ్రాంచిల రాసి ఆ లెక్కన ర్యాంకులు ఇయ్యుండ్రి, అప్పుడు నేను గూడ చప్పట్లు కొడత.

ఇప్పుడే అమ్మ ఫోన్ చేసింది. సేటు మనిషి ఇంటికొచ్చి పోయిండట. గురువారం మొదటి బస్సుకు మళ్ల పోతున్న.