బొగ్గు కేంద్రం మూసే తేదీ ఎవరి చేతుల్లో ఉంది?

మెల్‌బోర్న్‌లో మనవాళ్ళ విందుల్లో కరెంటు బిల్లు మాట వస్తే చాలు, రెండు జట్లు తయారు. ఇంటిమీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళు ఒకవైపు, గాలిమరల వల్లే రేట్లు పెరిగాయనేవాళ్ళు ఇంకోవైపు. 2025 ఎన్నికలప్పుడు అణు విద్యుత్తు కూడా ప్లేటులోకి వచ్చింది. నా గొడవ వేరు. ఏ కరెంటు మంచిదన్నది కాదు, ఏది వచ్చాక ఏది పోవాలన్నది ఎవరూ తేల్చడం లేదు.

హేజల్‌వుడ్ సంగతే చూడండి. 1,600 మెగావాట్ల బొగ్గు కేంద్రం, విక్టోరియా కరెంటులో సుమారు ఐదో వంతు దానిదే. మూసేస్తున్నామని 2016 నవంబరులో చెప్పారు, 2017 మార్చిలో మూసేశారు. ఐదు నెలల గడువు! అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి కూడా కొందరు అంతకంటే ఎక్కువే అడుగుతారు. హోల్‌సేల్ ధరలు ఎగబాకాక గానీ, మూతకు కొన్నేళ్ళ ముందే నోటీసివ్వాలన్న నిబంధన రాలేదు. అది వచ్చాక తేదీలు కుదురుకున్నాయా అంటే అదీ లేదు. న్యూసౌత్‌వేల్స్‌లోని ఎరారింగ్ బొగ్గు కేంద్రం మొదటి లెక్క ప్రకారం 2032లో మూతపడాల్సింది. 2022లో దాన్ని 2025కు జరిపారు. 2024లో మళ్ళీ 2027 అన్నారు.

ఆస్ట్రేలియాలో ప్రణాళిక లేక కాదు. మార్కెట్ నిర్వాహక సంస్థ ఏఈఎంఓ రెండేళ్ళకోసారి వేస్తూనే ఉంది: సోలార్, గాలి ప్రధానం, నిల్వకు బ్యాటరీలు, నీళ్ళు, అత్యవసరానికి గ్యాస్. లెక్క బాగానే ఉంది. కానీ ఫలానా కేంద్రాన్ని ఇంకో ఏడాది నడపమని ఆజ్ఞాపించే అధికారం ఆ కాగితానికి లేదు.

పైగా కట్టేవి వేళకు రావు. నీళ్ళతో కరెంటు నిల్వచేసే స్నోయీ 2.0 ప్రాజెక్టునే తీసుకోండి. కరెంటు చవకైనప్పుడు నీళ్ళు పైకి తోడి, అవసరానికి కిందికి వదలడం. ఇలాంటి రివర్సిబుల్ టర్బైన్లు మన సాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున ఎప్పటినుంచో ఉన్నవే. స్నోయీ ఖర్చు 2017లో 200 కోట్ల డాలర్లన్నారు, 2023కల్లా 1,200 కోట్లయింది. ఫ్లోరెన్స్ అనే సొరంగ యంత్రం మెత్తటి నేలలో దిగబడి నెలల తరబడి కదల్లేదు. ఎస్.ఎల్.బి.సి. సొరంగం కథ తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

అందుకే నా మాట: బొగ్గు కేంద్రం మూతను క్యాలెండరుకు కాదు, బదులుగా రావలసిన లైన్లూ నిల్వా పూర్తవడానికి ముడిపెట్టాలి. అప్పటిదాకా దాన్ని రిజర్వులో ఉంచే ఖర్చెంతో ముందే జనానికి చెప్పాలి. విక్టోరియాలోని యల్లోర్న్ బొగ్గు కేంద్రం 2028లో మూతపడుతుంది. న్యూసౌత్‌వేల్స్‌తో కలిపే పెద్ద లైను 2030కి గానీ రాదంటున్నారు. ఆ రెండేళ్ళ మాటేమిటని, 2026 నవంబరు రాష్ట్ర ఎన్నికల ముందు మన దీపావళి వేదికెక్కి నమస్తే చెప్పే అభ్యర్థులను అడుగుదాం.