చాప మీద బైబిల్: కూడికలో మాట్లాడేది ఎవరు?

పాపయ్య అనే రైతుకూలీ. చదువు రాదు. పొద్దంతా పొలంలో పనిచేసి ఇంటికి వస్తుంటే ఊళ్లో ఎవరో కొత్త మనిషి యేసు గురించి చెబుతున్నాడు. పాపయ్య ఆగి విన్నాడు, మనసుకు తగిలింది. ఒక్కసారి విన్నంత మాత్రాన అతను క్రైస్తవుడు కాగలడా?

ఈ ప్రశ్న వేసినవాడు పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టాడు. తానూ మిషనరీగా మహబూబ్‌నగర్‌లో పనిచేశాడు. అదే పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఒక ఊరి కులాలను, పండుగలను, పంచాయితీలను దగ్గరగా చూసి పుస్తకం రాశాడు. తర్వాత అమెరికాలో మానవశాస్త్రం బోధించాడు. పాపయ్య గురించి అతని జవాబు సూటిగా ఉంటుంది. గీత గీసి లోపలివాళ్లు, బయటివాళ్లు అని లెక్కపెడితే పాపయ్య బయటే మిగిలిపోతాడు. త్రిత్వం అంటే తెలియదు, బాప్తిస్మం లేదు, ఒక్క వాక్యం నోటికి రాదు. గీతను పక్కన పెట్టి మనిషి ముఖం ఎటు తిరిగిందో చూస్తే మాత్రం అతని నడక ఆ సాయంత్రమే మొదలైంది.

హీబర్ట్ మాట నాకు నచ్చుతుంది. నా బాధంతా మరుసటి రోజు గురించి. తెల్లారి పాపయ్యకు సందేహం వస్తుంది. ఎవరిని అడగాలి? మన ఊళ్లలో సువార్త చెప్పడానికి మైకులున్నాయి, యూట్యూబ్ ఛానెళ్లున్నాయి, పండుగల్లాంటి మహాసభలున్నాయి. పాపయ్య నోరు తెరిచి అడగడానికి ఉన్న చోటు ఒక్కటే, ప్రార్థన కూడిక కోసం ఎవరో ఒకరి ఇంట్లో పరిచిన చాప. ఆ చాప మీద కూడా ఇప్పుడు ప్రసంగమే నడుస్తోందని నా ఫిర్యాదు.

అడిగే చోటు ఎందుకు కావాలో మన తెలుగు మాటలే చెబుతాయి. 'పాపం' తీసుకోండి. మైకులో 'మనమందరం పాపులం' అని వినపడుతుంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మకు పాపం అంటే 'అయ్యో పాపం' అని జాలిపడే మాట, లేదా పోయిన జన్మలో మూటగట్టుకున్నది. యోహాను సువార్త మూడో అధ్యాయంలో 'ఒకడు క్రొత్తగా జన్మించితేనే కాని' అనే మాట వస్తుంది. 'చచ్చి మళ్ల పుట్టుడే గదా, మాకెర్కే' అని ఒక కాకా నాతోనే అన్నాడు. ఇక 'దేవుడు' అనే మాటలో మైసమ్మ, పోచమ్మ, కురుమూర్తి స్వామి, మన్నెంకొండ వెంకన్న అందరికీ చోటుంది. చెప్పేవాడు ఒకటి అంటాడు, వినేవాడికి మరొకటి అందుతుంది. ఇద్దరూ తలలూపుతారు. ఎదురు ప్రశ్న వస్తే తప్ప ఆ తేడా బయటపడదు. గంటసేపు ధాటిగా మాట్లాడే బోధకుడికి అది ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు.

పైగా మన బైబిల్ భాష గ్రాంథికం. 'చెప్పుచున్నాను', 'పోవుచుండగా', 'వారితో ఒడబడి'. ఆ భాషకు ఒక అందం ఉంది, నేను కాదనను. మా అమ్మమ్మ తరం దాన్ని పాటలా కంఠతా పట్టింది. కానీ 'గదేందో నాకు సమజ్ కాలే' అని ఒకరు అంటే, పక్కావిడ దాన్ని మన మాటల్లో చెప్పడానికి తంటాలు పడుతుంది. ఆ తంటాలోనే ఇద్దరికీ అర్థమవుతుంది.

చరిత్ర చూసినా ఈ విశ్వాసం ఎక్కువగా మాటామాటగానే నడిచింది. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల బేరానికి ఏ ఊరు వెళ్తే అక్కడ చుట్టాల ఇళ్లలో కూర్చుని తనకు జరిగింది చెప్పేవాడు. పన్నెండేళ్ల తర్వాత, 1878 జులై 3న, ఆ ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మధ్యలో ఘోరమైన కరువు వచ్చింది, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి పని ఇప్పించాడు. అందుకని 'తిండి కోసం మారారు' అనే మాట అప్పట్నుంచీ ఉంది. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. కాని కరువుకు పదేళ్ల ముందే చుట్టరికాల దారిలో తిరిగిన మాటలను లెక్కలోకి తీసుకోకుండా ఆ సంఖ్య అర్థం కాదు.

అదే అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద అబ్రహం ఫ్రీసెన్, మరియా దంపతులు అప్పటి రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చి 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. 1899 నుంచి అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే క్రైస్తవ శాఖవాళ్లు వచ్చారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, కల్వకుర్తి, నారాయణపేట, ఇలా ఒక్కొక్క చోట మిషన్ కాంపౌండ్లు లేచాయి. జడ్చర్లలో ఆసుపత్రి వచ్చింది. ఈ రోజుకీ పాలమూరులో 'ఎంబీ చర్చి' అంటే దారి చూపించేవాళ్లున్నారు. ఆ కాంపౌండ్ల ఫొటోల్లో దొరలు, దొరసానులు కనిపిస్తారు. ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చుని, బియ్యం ఏరుతూ కథ చెప్పింది మాత్రం బైబిల్ ఉమెన్ అనే తెలుగు ఆడవాళ్లు. మగ బోధకుడికి గడప దగ్గరే ఆగిపోయే దారి వాళ్లకు వంటింటి దాకా ఉండేది. వాళ్ల పేర్లు చాలావరకు ఏ ఫలకం మీదా లేవు.

ఇప్పటి కూడిక ఎలా ఉంటుంది? సాయంత్రం 7 దాటాక, కూలి పని నుంచి వచ్చి స్నానాలు చేసి, పది పన్నెండు మంది చేరతారు. పాటలు అరగంట. సాక్ష్యాలు ఇంకో అరగంట, వాటిలో సగానికి పైగా జ్వరం తగ్గడం, బోరు పడటం, కొడుక్కి ఉద్యోగం రావడం. తర్వాత పాస్టర్ అయ్యగారి వాక్యం. ప్రార్థన, చాయ్, వందనాలు. వాక్యం గురించి వచ్చినవాళ్లు పలికిన మాట 'ఆమెన్', 'స్తోత్రం'. పది మందికి చిన్న స్పీకర్ పెట్టిన ఇళ్లూ చూశాను. ఇరుగుపొరుగు వినాలని అట. ఇరుగుపొరుగుకు వినపడేది గోల. వాళ్ల పిల్లలకు పరీక్షలు.

పద్ధతి మారిస్తే ఏమవుతుందో ఒకసారి కల్వకుర్తి వైపు చూశాను. ఆ రోజు అయ్యగారు ఊళ్లో లేరు. ఇంటర్ చదివే అమ్మాయి మత్తయి 20వ అధ్యాయం మొదటి 16 వచనాలు మెల్లగా రెండుసార్లు చదివింది. ద్రాక్షతోట యజమాని పొద్దున్నే కూలీలను పిలుస్తాడు, రోజుకు ఒక దేనారం అని మాట్లాడుకుంటాడు. మళ్లీ మళ్లీ వెళ్లి 'సంత వీధిలో ఊరక నిలిచియున్న' వాళ్లను తెస్తాడు. పొద్దుగూకడానికి గంట ముందు వచ్చినవాళ్లకూ అంతే కూలి ఇస్తాడు. చదవడం అయిపోయాక ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది. ఆ ఊరుకోవడమే మేలయింది.

చాప మీద ఉన్నవాళ్లలో సగం మంది హైదరాబాద్ కూలి అడ్డాల మీద నిలబడ్డవాళ్లే. ఒకాయన ఒకప్పుడు పుణె, బొంబాయి పనులకు జనాన్ని తీసుకెళ్లిన గుంపు మేస్త్రీ. ఆయనే ముందు అందుకున్నాడు: 'గిట్లిస్తే రేపు పొద్దుగాల పనికి ఎవడొస్తడు? అందరు సాయంత్రమే వస్తరు.' యజమానిని ఆయన మెచ్చలేదు, ఆ మాట అనడానికి జంకలేదు. వెనక నుంచి ఒకావిడ అంది: 'పనికి పిలిచెటోడు లేక నిలబడ్డోనికి ఇంట్ల పిల్లలు లేరా? వాళ్లకు ఆకలి గంట లెక్కన అయితదా?' ఇంకొకరు, మేస్త్రీ కమీషన్ కట్ చేసుకోకుండా యజమాని తన గృహనిర్వాహకుడి చేత నేరుగా ఇప్పించడం గమనించమన్నారు. అసలు ఆ కథ కృప గురించి అని ఎవరూ ప్రకటించలేదు. అడ్డా మీద మధ్యాహ్నం దాకా నిలబడి ఖాళీ టిఫిన్ డబ్బాతో తిరిగొచ్చిన రోజులు తెలిసినవాళ్లకు 'ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు' అనే వాక్యాన్ని వివరించే పాస్టర్ అవసరం లేదు. మేస్త్రీ ఆ రాత్రి ఒప్పుకోలేదు. తర్వాతి వారం మాత్రం వచ్చాడు.

దీనికి అభ్యంతరం ఉంది, అది తేలికైనదేమీ కాదు. ఎవరికి తోచింది వాళ్లు చెబితే బోధ గాడి తప్పుతుంది కదా అని సంఘ పెద్దలు అంటారు. నిజమే, తప్పుతుంది. ఒకరు కల వచ్చిందంటారు, మరొకరు యూట్యూబ్‌లో విన్న లోకాంతం లెక్కలు తెస్తారు. దానికి మందు నోళ్లు మూయించడం కాదు, 'ఆ మాట ఇక్కడ ఏ వచనంలో ఉంది?' అని మళ్లీ మళ్లీ అడగడం. కాలేజీల్లో విద్యార్థుల బైబిల్ స్టడీలు దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే: ఏం రాసి ఉంది, ఆ రోజుల్లో దాని అర్థం ఏమిటి, మన బతుక్కి ఏమంటుంది. బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పిన మాటనే రోజూ లేఖనాలు తీసి సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వాళ్లను మెచ్చుకుంటుంది. పౌలుకు రాని చిన్నతనం మన అయ్యగార్లకు ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. చదువు రానివాళ్ల మాటేమిటంటే, ఇప్పుడు ఫోన్‌లో ఆడియో బైబిల్ ఉంది. అది లేకున్నా ఏడో తరగతి పిల్ల చదివితే చాలు.

ఇంకో చిక్కు గురించి మన క్రైస్తవులు బయటకు మాట్లాడరు. చాప ఎక్కడ పరుస్తున్నాం? ఊరు, వాడ అని రెండుగా ఉన్న పల్లెల్లో కూడిక దాదాపు ఎప్పుడూ వాడలోనే. ఊళ్లోవాళ్లకు అది 'వాళ్ల దేవుడు'. వాడలో కూడా మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా నడిచే చోట్లు ఉన్నాయి. వాటి మధ్య పెళ్లి మాట వస్తే బైబిల్ మూసేస్తారు. ఇలాంటి చోట యోహాను నాలుగో అధ్యాయం చదివితే గుచ్చుకుంటుంది. యేసు బావి దగ్గర సమరయ స్త్రీకి బోధ చేయడంతో మొదలుపెట్టలేదు. 'నాకు దాహమునకిమ్ము' అని అడిగాడు. ఎవరి చేతి నీళ్లు తాగకూడదని తన జాతివాళ్లు అనుకుంటారో ఆమె చేతి నీళ్లే అడిగాడు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసి పెరిగిన పాలమూరు మనిషికి దీని బరువు వెంటనే తెలుస్తుంది. సువార్త చెప్పబోయేవాడు ముందు ఎదుటివాడి దగ్గర ఏదో ఒకటి తీసుకోవాలి, నీళ్లో, చాయో, సలహానో. ఇవ్వడానికే వచ్చానన్న వాడి ముందు ఎవరూ మనసు విప్పరు.

చట్టం సంగతి క్లుప్తంగా. రాజ్యాంగంలోని 25వ అధికరణం మతాన్ని ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే తన మత సిద్ధాంతాలను వివరించి చెప్పడమే తప్ప ఇంకొకరిని మార్చే హక్కు కాదని తేల్చింది. నాకు ఈ తేడాతో పెద్ద పేచీ లేదు. మనసు మారడం వినేవాడి పని.

చట్టంలో నిజంగా మనిషిని నలిపేది వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వచ్చిన దళితులు తెలంగాణలో బీసీ-సీ, దానికి ఉన్నది 1 శాతం రిజర్వేషన్. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో క్రైస్తవులు దాదాపు 1.3 శాతమే కనిపించడానికి ఇదీ ఒక కారణమని చర్చిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కాబట్టి చాప మీద 'నువ్వు ఎవరు?' అనే ప్రశ్న వచ్చినప్పుడు పక్కనే ఒక కుల సర్టిఫికెట్ కూడా కూర్చుని ఉంటుంది. కొడుకు సీటు, కూతురు స్కాలర్‌షిప్ అన్నీ దాని మీద. దీన్ని దాచిపెట్టి 'ప్రభువు చూసుకుంటాడు' అని తొందరపెట్టే బోధకుడి మీద నాకు కోపం వస్తుంది. బాప్తిస్మానికి ముందు ఆ లెక్క కూడా మనిషికి చెప్పాలి.

అలాగే స్నేహం. 'ముందు స్నేహం చేయండి, తర్వాత సువార్త చెప్పండి' అని ట్రైనింగుల్లో నేర్పుతారు. వినడానికి బాగుంటుంది. అయితే ఆరు నెలలు చాయ్ తాగి, పక్కాయన 'నాకు ఆసక్తి లేదన్నా' అనగానే ఫోన్ ఎత్తడం మానేస్తే అది గాలానికి గుచ్చిన ఎర. పల్లెటూరి జనం ఎరను ఇట్టే పసిగడతారు. మా వీధిలో ఒక పద్మశాలి పెద్దాయన ముప్పై ఏళ్లు మా నాన్నతో బైబిల్ గురించి వాదించాడు. మా నాన్న ఆయనతో పోతన పద్యాల గురించి వాదించాడు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. మా నాన్న పోయినప్పుడు పాడె ఒక కొమ్ము ఆయనే పట్టాడు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక కూడికలో అదే యోహాను నాలుగో అధ్యాయం చదువుతున్నారు. కృష్ణా నీళ్లు రాకముందు తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ప్రాంతం అది. నడుము వంగిపోయిన ఒక అవ్వ గోడకు ఆనుకుని వింటోంది. 'జీవజలం' దాకా రాకముందే ఆపింది.

'ఆ బాయి నీళ్లు మంచియేనా బిడ్డా?'

చదివే పిల్ల వేలు పెట్టి కింది వచనాలు వెతికింది. యాకోబు, ఆయన కొడుకులు, పశువులు ఆ బావి నీళ్లే తాగారని పన్నెండో వచనంలో ఉంది.

'పసులు గూడ తాగినయంటే మంచియే' అని అవ్వ ఒప్పుకుంది. కాసేపాగి మళ్లీ అడిగింది: 'మరి అందరు పొద్దుగాల తెచ్చుకుంటరు గదా. మిట్టమధ్యానం ఆ పిల్ల ఒక్కతే ఎందుకొచ్చింది నీళ్లకు?'

కిలోమీటర్లు నడిచి నీళ్లు మోసిన ఆడవాళ్లే ఆ గదిలో ఎక్కువ. ఒకరి మాట మీద ఒకరు అందుకున్నారు. ఆ రాత్రి అధ్యాయం పూర్తి కాలేదు.